అమలాపురం దగ్గర రన్నింగ్ క్లాస్: 800 మీటర్లు నేర్పే చోటు

అమలాపురానికి బండి మీద పావుగంట దూరంలో, ఒక హైస్కూల్ గ్రౌండ్‌లో తెల్లవారుజామున జరిగే రన్నింగ్ క్లాస్ గురించి ఇది. నడిపేది రిటైరైన డ్రిల్ మాస్టారు. బోర్డు లేదు, ఫ్లెక్సీ లేదు, క్లాసుకి పేరు కూడా పెట్టలేదు. తన పేరు ఎక్కడా వెయ్యొద్దమ్మా అన్నారు కాబట్టి నేనూ వెయ్యడం లేదు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, 800 మీటర్లు పరిగెడుతుంది. మా మరిది కొడుకు డిగ్రీ అయ్యాక ఆర్మీ ర్యాలీ కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్నాడు. ఇద్దరూ ఇక్కడికే వెళ్తారు. పిల్లని దింపి ఇంటికి వచ్చేసే బదులు అక్కడే అరుగు మీద కూర్చుని రోజూ చూస్తున్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో నాకు బాగానే తెలుసు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తాను.

ముందు అందరూ అడిగేవి. ఐదింటికి మొదలు, ఆరున్నరకి అయిపోతుంది. బడికి వెళ్ళే పిల్లలు ఇంటికొచ్చి స్నానం చేసి తినేసి బస్సు అందుకోవచ్చు. ఫీజు నెలకి 500, ఒకే ఇంట్లోంచి ఇద్దరొస్తే రెండో వాళ్ళకి సగం. గ్రౌండ్ మట్టిదే. మాస్టారు టేపు పెట్టి కొలిచి, లోపలి లైను 400 మీటర్లు వచ్చేలా సున్నంతో గీయిస్తారు, వాన పడి చెరిగిపోతే మళ్ళీ పిల్లల చేతే గీయిస్తారు. 200 దగ్గర ఒక కర్ర, దానికి ఎర్ర గుడ్డ. మొదటి మలుపు దాటాక ఇంకో కర్ర, అది బ్రేక్ లైన్. 800లో అక్కడిదాకా ఎవరి లైనులో వాళ్ళు పరిగెత్తి, అక్కడి నుంచే లోపలి లైనుకి రావాలి. ఇది తెలియక ముందే లోపలికి దూరి డిస్‌క్వాలిఫై అయ్యే పిల్లలు జిల్లా మీట్‌లో కూడా కనిపిస్తారు, మన దగ్గర చాలా చోట్ల పరుగు నేర్పిస్తారు గానీ రూలు నేర్పించరు.

ఇక అసలు నేర్పడం. అంతకుముందు మా మరిది కొడుకు టౌన్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి వెళ్ళేవాడు. అక్కడ రోజూ ఒకటే పని, విజిల్ ఊదితే అందరూ ప్రాణం పెట్టి పరిగెత్తడం, ఎవడు ముందొస్తే వాడికి చప్పట్లు. వాడు మొదటి రౌండు అందరికంటే ముందుండేవాడు, మూడో రౌండుకి మొహం పాలిపోయి నడుస్తూ వచ్చేవాడు. రెండు నెలల ఫీజు కట్టించుకున్నారు, టైమింగ్ ఎంతో ఒక్కసారి కాగితం మీద రాసివ్వలేదు. ఇక్కడికి వచ్చిన మొదటి రోజే మాస్టారు వాడిని కూర్చోబెట్టి లెక్క చెప్పించారు. ర్యాలీలో 1600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే పూర్తి 60 మార్కులు. అంటే నాలుగు రౌండ్లు, రౌండుకి 82.5 సెకన్లు. "బాబూ, మొదటి రౌండు 70లో వస్తే నీకు ప్రైజేం ఇవ్వరు, ఆ 12 సెకన్లకీ మూడో రౌండులో వడ్డీతో కడతావు" అన్నారు. తర్వాత వాడు నేర్చుకున్నదంతా ఆ 82ని కాళ్ళకి అలవాటు చేసుకోవడమే. వాచీ చూడకుండా ఒక రౌండు పరిగెత్తి, ఎంత వచ్చిందో నోటితో చెప్పాలి. మొదట్లో ఆరేడు సెకన్లు తేడా పడేది, ఇప్పుడు ఒక సెకను అటూ ఇటూగా చెప్తున్నాడు. పోలీసు ఈవెంట్స్‌కి, అంటే పోలీసు ఉద్యోగాల పరుగు పరీక్షలకి, వచ్చే వాళ్ళకైతే ఆ 1600కి మగపిల్లలకి 8 నిమిషాలు, ఆడపిల్లలకి పదిన్నర నిమిషాలు, అది ఇంకా తేలిక, కానీ అక్కడ కూడా ఊపిరి అందక కూలబడేది మొదటి రౌండు గుడ్డిగా కొట్టిన వాళ్ళే.

800 వాళ్ళది ఇంకా కష్టం. 400 పరిగెత్తే వాళ్ళలా కళ్ళు మూసుకుని పోవడం కుదరదు, 3000 వాళ్ళలా తాపీగా మొదలుపెట్టడమూ కుదరదు. రెండే రౌండ్లు. పెద్ద పెద్ద వాళ్ళు కూడా రెండో రౌండు మొదటి దానికంటే కొంచెం నెమ్మదిగానే వస్తారు, ఆ కొంచెం ఎంత ఉండాలన్నదే మొత్తం విద్య. కెన్యా రన్నర్ డేవిడ్ రుడిషా 2012 లండన్ ఒలింపిక్స్‌లో ప్రపంచ రికార్డు 1 నిమిషం 40.91 పెట్టినప్పుడు కూడా మొదటి రౌండు 49 సెకన్లు, రెండోది 51 దాటింది. పిల్లలందరికీ ఒక్కో నోటుబుక్కు ఉంటుంది. అందులో తేదీ, వాతావరణం, 200, 400, 600 దగ్గర టైము, చివరి టైము, ముందు రోజు రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, అన్నీ రాయాలి. మా అమ్మాయి పుస్తకంలో మొదటి పేజీలో 400 దగ్గర 74, చివర 2 నిమిషాల 56 అని ఉంది. అంటే రెండో రౌండు 102 సెకన్లు. మొన్న సంక్రాంతి తర్వాత పేజీలో 79, 2 నిమిషాల 43. మొదటి రౌండు 5 సెకన్లు నెమ్మదిగా వెళ్ళి మొత్తం మీద 13 సెకన్లు ముందొచ్చింది. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించాక నా కూతురికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

ఇంతవరకూ మంచి కోచ్ ఎవరైనా చేసేదే అనుకోవచ్చు. ఈ క్లాసుని ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ఆదివారం కోసం. ఆదివారం కాలువ గట్టు మీద మెల్లగా పరుగు, తర్వాత రావిచెట్టు కింద అరగంట కూర్చోబెట్టి ఒక రన్నర్ జీవితం చెప్తారు. ఒక్కసారిలో అయిపోదు, ఒక్కొక్కరిది వారాల తరబడి సాగుతుంది. నల్లబల్ల ఒకటి తెచ్చి చెట్టుకి ఆనించి టైములు రాస్తారు. మేం చేరినప్పటి నుంచీ విన్న వాటిలో అన్నిటికంటే ఎక్కువ వారాలు నడిచింది, పిల్లల నోట్లో ఇప్పటికీ నానుతున్నది, ఆర్థర్ వింట్ కథ. జమైకా మనిషి. ఆయన గురించి నాకు అంతకుముందు తెలియదు, జమైకా అంటే ఉసేన్ బోల్ట్ అనే తెలుసు.

మాస్టారు మొదట దేశం పటం గీశారు. జమైకా మొత్తం విస్తీర్ణం 10,991 చదరపు కిలోమీటర్లు. జిల్లాలు విడదీయక ముందు మన తూర్పు గోదావరి 10,807. దాదాపు సమానం. జనాభా చూస్తే మనకి 2011 లెక్కల్లోనే 51 లక్షలు దాటితే, జమైకా మొత్తానికి ఇప్పటికీ 30 లక్షల లోపే. "మన పాత జిల్లా అంత దేశం ఒలింపిక్స్‌కి మొదటిసారి వెళ్ళి మొదటిసారే గోల్డ్ తెచ్చిందర్రా" అన్నారు. చుట్టూ గోదావరి పాయల మధ్య లంకల్లోంచి పంటు ఎక్కి బడికి వచ్చే పిల్లలు నలుగురైదుగురు ఆ క్లాసులో ఉన్నారు. ద్వీపం అంటే ఏమిటో వాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు.

వింట్ 1920లో పుట్టాడు. బళ్ళో ఉన్నప్పటి నుంచే పరుగు. 1938లో పనామాలో జరిగిన సెంట్రల్ అమెరికన్ పోటీల్లో 400 మీటర్ల హర్డిల్స్‌లో కాంస్యం వచ్చింది. అప్పటికి పదిహేడేళ్ళు. మంచి వయసు వచ్చేసరికి యుద్ధం. 1940లోనూ 1944లోనూ ఒలింపిక్సే జరగలేదు. ఇక్కడ మాస్టారు ఆగి, మీకు ఒక జిల్లా మీట్ వాయిదా పడితే వారం రోజులు గ్రౌండ్‌కి రారే, ఈయనకి రెండు ఒలింపిక్స్ పోయాయి అన్నారు. వింట్ ఆ కాలంలో అన్నదమ్ములతో పాటు బ్రిటిష్ వాయుసేనలో చేరి, కెనడాలో శిక్షణ తీసుకుని పైలట్ అయ్యాడు. యుద్ధం అయ్యాక 1947లో లండన్‌లో సెయింట్ బార్తొలోమ్యూస్ హాస్పిటల్‌లో డాక్టర్ చదువులో చేరాడు. అంటే 1948 ఒలింపిక్స్‌కి వచ్చేసరికి ఆయన ఇరవై ఎనిమిదేళ్ళ మెడికల్ స్టూడెంట్.

మనకి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, లండన్ వెంబ్లీలో. మన హాకీ జట్టు బ్రిటన్‌ని 4-0తో ఓడించి స్వతంత్ర దేశంగా మొదటి గోల్డ్ గెలిచింది కూడా ఆ స్టేడియంలోనే, ఆగస్టు 12న. దానికి పది రోజుల ముందు, ఆగస్టు 2న, 800 ఫైనల్. సింథటిక్ ట్రాక్ అంటే ఏమిటో ఇంకా ఎవరికీ తెలియని కాలం, కాల్చిన బొగ్గు చూర పరిచిన ట్రాక్. మన మట్టి గ్రౌండ్ చూసి ముక్కు విరిచే పిల్లలు ఆ మాట వినాలి. అమెరికా నుంచి మాల్ విట్‌ఫీల్డ్, 1 నిమిషం 49.2 సెకన్లలో గెలిచాడు. వింట్ 1 నిమిషం 49.5, రెండో స్థానం. మూడు రోజుల తర్వాత 400 ఫైనల్. అక్కడ అందరూ గెలుస్తాడనుకున్నది ఇంకో జమైకా మనిషి, హెర్బ్ మెకెన్లీ. మెకెన్లీ మొదటి 200 మీటర్లు గాలిలా పోయాడు. వింట్ ఆరడుగుల పైన ఇంకో నాలుగంగుళాల మనిషి, పొడుగు అంగలు. తన లెక్కలో తాను వచ్చి, చివరి ఇరవై మీటర్లలో మెకెన్లీని దాటాడు. 46.2 సెకన్లు, ఒలింపిక్ రికార్డుతో సమానం, జమైకాకి మొట్టమొదటి ఒలింపిక్ గోల్డ్. మెకెన్లీ 46.4. విట్‌ఫీల్డ్ మూడో స్థానం.

నల్లబల్ల మీద ఆ రెండు రేసులూ పక్కపక్కన రాసి మాస్టారు పిల్లల్ని అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. ఒకే మనిషి, ఒకే వారం, ఒకే ట్రాక్. మూడు రోజుల క్రితం 800లో తనని ఓడించిన వాడిని 400లో ఎలా ఓడించాడు? పిల్లలు తలో సమాధానం చెప్పారు. ఒకడు అదృష్టం అన్నాడు, ఒకమ్మాయి పొడుగు కాళ్ళు అంది, మా మరిది కొడుకు మాత్రం "400లో ఆయన తొందరపడలేదు సార్, తొందరపడింది మెకెన్లీ" అన్నాడు. రోజూ రౌండుకి 82.5 లెక్కపెట్టుకునే పిల్లాడికే ఆ సమాధానం వస్తుంది.

కథ అక్కడితో ఆగి ఉంటే ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉండే గెలుపు కథే. ఆగస్టు 7న రిలే ఫైనల్. నాలుగు 400లు, జమైకా జట్టుకి గెలిచే సత్తా ఉంది. మూడో రన్నర్ వింట్. పరుగు మధ్యలో కండరం పట్టేసి ట్రాక్ మీద పడిపోయాడు. నాలుగో మనిషి మెకెన్లీకి బ్యాటన్ అందనేలేదు. రెండు రోజుల క్రితం దేశానికి మొదటి గోల్డ్ తెచ్చిన మనిషి, తన వల్లే మిగతా ముగ్గురి పతకం పోయిందన్న బరువు మోస్తూ ఆ స్టేడియం నుంచి బయటికి వచ్చాడు. ఆ ఆదివారం కథ ఇక్కడే ఆపేసి అందరినీ ఇళ్ళకి పంపేశారు. మా అమ్మాయి ఆ వారమంతా ఇంట్లో అడుగుతూనే ఉంది, తర్వాత ఏమైందమ్మా, మళ్ళీ పరిగెత్తాడా అని. ఫోన్‌లో వెతికితే నిమిషంలో దొరుకుతుంది, వెతకనివ్వలేదు నేను.

మళ్ళీ పరిగెత్తాడు. 1952 హెల్సింకి. అప్పటికి ముప్పై రెండేళ్ళు, డాక్టర్ చదువు చివరికొచ్చింది. 800 ఫైనల్‌లో మళ్ళీ విట్‌ఫీల్డ్. వింట్ ఈసారి 1 నిమిషం 49.4, నాలుగేళ్ళ తర్వాత, నాలుగేళ్ళు పెద్దవాడై, ఒక పదోవంతు సెకను మెరుగ్గా వచ్చాడు. విట్‌ఫీల్డ్ 1 నిమిషం 49.2. నాలుగేళ్ళ కిందట గెలిచిన టైమే, అక్షరం మారలేదు. మాస్టారు ఇక్కడ చేసింది చూడాలి. టేపు తీసుకుని ఫినిష్ లైను నుంచి వెనక్కి ఒకటిన్నర మీటరు కొలిచి సున్నంతో గీత గీశారు. ఆ వేగంలో 0.2 సెకను అంటే సుమారు అంత దూరం. 800 మీటర్లు పరిగెత్తాక రెండో స్థానానికీ మొదటి స్థానానికీ తేడా అదీ. పిల్లలు ఒక్కొక్కరూ వెళ్ళి ఆ గీత మీద నిలబడి ఫినిష్ వైపు చూశారు. ఒక పెద్దడుగు వేస్తే అందేంత దూరం. మా అమ్మాయి వెళ్ళి నిలబడి, వెనక్కి తిరిగి 200 దగ్గరున్న ఎర్రగుడ్డ వైపు చూసింది. ఆ ఒకటిన్నర మీటరు ఎక్కడ పోయి ఉంటుందో తనే వెతుక్కుంటోందని నాకు అర్థమైంది.

ఇక రిలే. లండన్‌లో పతకం పోగొట్టుకున్న ఆ నలుగురే, వింట్, లెస్లీ లేంగ్, మెకెన్లీ, జార్జ్ రోడెన్. వింట్ మొదటి రన్నర్, 46.8 సెకన్లు. లేంగ్ 47. అమెరికా వాళ్ళు బాగా ముందుకి వెళ్ళిపోయారు. అప్పుడు మెకెన్లీ 44.6. ఆ రోజుల్లో ఒక మనిషి 400 మీటర్లు అంత వేగంగా పరిగెత్తడం అనేది ఎవరూ ఊహించనిది. చివర రోడెన్ 45.5. మొత్తం 3 నిమిషాల 3.9 సెకన్లు, ప్రపంచ రికార్డు. అమెరికా 3 నిమిషాల 4. తేడా పదోవంతు సెకను. నాలుగు అంకెలు నల్లబల్ల మీద రాసి పిల్లల చేత కూడిక వేయించారు, సరిగ్గా 183.9 సెకన్లు వచ్చేసరికి చెట్టు కింద ఒకటే ఈలలు. పక్క పొలంలో దాళ్వాకి నీళ్ళు పెట్టుకుంటున్న రైతు కూడా ఏమైందని తొంగి చూశాడు.

కోనసీమలో ఏ ఇంట్లోనైనా పిల్ల ఆటలంటే వచ్చే మాట ఒకటే, చదువు పాడవుతుంది. మా ఇంట్లోనూ వచ్చింది. మా అత్తగారు, మా తోటికోడలు, ట్యూషన్ సారు, అందరూ అన్నారు. పదో తరగతి దగ్గరకొస్తుంటే, తర్వాత ఇంటర్, ఈఏపీసెట్, నీట్ అనే టెన్షన్ ఉన్న ఇంట్లో తెల్లారి నాలుగున్నరకి పిల్లని లేపి గ్రౌండ్‌కి పంపడమంటే చిన్న సంగతి కాదు. మాస్టారు ఎవరితోనూ వాదించరు. వింట్ కథ చివరి ఆదివారం తల్లిదండ్రుల్ని కూడా రమ్మన్నారు, అంతే. వింట్ 1953లో వెంబ్లీలోనే చివరి రేసు పరిగెత్తాడు, అదే ఏడాది డాక్టర్ పట్టా తీసుకున్నాడు. తర్వాత జమైకా తిరిగి వెళ్ళి హానోవర్ అనే జిల్లాలో స్థిరపడ్డాడు, అక్కడ నివాసం ఉండే డాక్టర్ అప్పటికి ఆయనొక్కడే. 1974 నుంచి నాలుగేళ్ళు బ్రిటన్‌లో జమైకా హైకమిషనర్‌గా పనిచేశాడు. మెడికల్ స్టూడెంట్‌గా ఏ ఊళ్ళో గోల్డ్ గెలిచాడో ఆ ఊరికే తన దేశం తరఫున వెళ్ళాడు. 1962లో స్వతంత్రమైన దేశానికి అలాంటి మనిషి కావలసి వచ్చింది. 1992లో పోయాడు.

మా అత్తగారు ఆ రోజు వచ్చారు. ఇంటికొచ్చేటప్పుడు దారిలో ఏమీ మాట్లాడలేదు, కానీ మర్నాడు నాలుగున్నరకి పిల్లకి రాగి జావ ఆవిడే కాచి పెట్టారు. ఇప్పటికీ ఆవిడే పెడుతున్నారు.

అన్ని కథలూ అంత పొడుగు ఉండవు. శ్రీరామ్ సింగ్‌ది రెండు వారాల్లో అయిపోయింది, నాకు ఇంకాస్త చెప్తే బాగుండు అనిపించింది. 1976 మాంట్రియల్‌లో 800 ఫైనల్‌లో మొదటి రౌండు ముందు నడిపించింది మన మనిషే. క్యూబా నుంచి వచ్చిన ఆల్బెర్టో హువాంటొరేనా ఆ వేగం ఆసరాతోనే 1 నిమిషం 43.50తో ప్రపంచ రికార్డు పెట్టాడు. శ్రీరామ్ సింగ్ ఏడో స్థానం, 1 నిమిషం 45.77. ఆ టైమ్‌ని మన దేశంలో ఇంకొకడు దాటడానికి 2018 దాకా, 42 ఏళ్ళు పట్టింది. ఆడపిల్లలకి మాత్రం షఫీక్వా మలోనీ అంటే ప్రాణం. సెయింట్ విన్సెంట్ అండ్ ది గ్రెనడీన్స్ అని 389 చదరపు కిలోమీటర్ల దేశం, లక్షకి కాస్త పైన జనం. అక్కడి అమ్మాయి 2024 పారిస్‌లో 800 ఫైనల్‌లో నాలుగో స్థానం, 1 నిమిషం 57.66. కాంస్యం వచ్చిన మేరీ మొరా 1 నిమిషం 57.42. గెలిచింది బ్రిటన్ అమ్మాయి కీలీ హాజ్కిన్సన్, 1 నిమిషం 56.72. మా అమ్మాయి నోటుబుక్కు అట్ట లోపల మలోనీ పేరు రాసుకుంది. పతకం వచ్చిన ముగ్గురి పేర్లూ రాసుకోలేదు.

ఇప్పుడు అర మార్కు ఎందుకు తగ్గించానో. బాత్రూమ్. బడి గేటు లోపలి బాత్రూములకి ఆ టైములో తాళం ఉంటుంది. మగపిల్లలకి ఇబ్బంది లేదు, ఆడపిల్లలు గ్రౌండ్ పక్కన ఉన్న ఇంటివాళ్ళ దయ మీద ఆధారపడాల్సి వస్తోంది. ఆ ఇల్లాలు మంచావిడ కాబట్టి సరిపోయింది. నెలసరి రోజుల్లో రమ్మనీ మానమనీ మాస్టారు ఒత్తిడి పెట్టరు, నోటుబుక్కులో చిన్న చుక్క పెట్టుకుంటే ఆ రోజు తేలిక పని ఇస్తారు, అది చాలా మర్యాదగా చేస్తారు, కానీ బాత్రూమ్ లేకుండా ఆ మర్యాద సగమే పనికొస్తుంది. తల్లులం నలుగురం కలిసి తాళంచెవి కోసం అడుగుతున్నాం.

రెండోది, నోటిఫికేషన్ పడిన నెలల్లో ఈవెంట్స్ బ్యాచ్ విపరీతంగా పెరిగిపోతుంది. అరవై డెబ్భై మంది కుర్రాళ్ళు వచ్చేస్తే ఒక్క మనిషి అందరికీ టైము చూడలేరు. ఆ రోజుల్లో బడి పిల్లలకి 600 దగ్గర టైము చెప్పేవాళ్ళు ఉండరు. పాత బ్యాచ్ కుర్రాళ్ళలో ఒకరిద్దరికి స్టాప్ వాచ్ ఇచ్చి నిలబెడుతున్నారు, ఫర్వాలేదు గానీ మాస్టారు చూసినట్టు ఉండదు. బడి పిల్లల బ్యాచ్‌ని విడిగా సాయంత్రానికి మారిస్తే బాగుంటుంది. ఎండాకాలం సాయంత్రాలు మన దగ్గర ఉక్కపోత ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి అది కూడా తేలిక కాదు, ఒప్పుకుంటాను.

మూడోది వానాకాలం. జూలై నుంచి గ్రౌండ్ బురద. అప్పుడు పరుగు కాలువ గట్టు మీదకి మారుతుంది, 200 మీటర్లకొకటి చొప్పున రాళ్ళకి రంగు వేసి పెట్టారు. మలుపులు లేని తిన్నటి దారి కాబట్టి ఓపిక పెంచే పరుగులకి నిజానికి గ్రౌండ్ కంటే అదే నయం. కానీ వరద వస్తే, ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఎగరేస్తే, లంకల పిల్లలు రాలేరు. కాజ్‌వేలు మునిగిపోతాయి, పంటు ఆపేస్తారు. ఆ రోజులకి మాస్టారు ఇంట్లో చేసుకునే పని రాసిస్తారు, తాడాట, మెట్లు ఎక్కి దిగడం, ఒంటికాలి మీద నిలబడటం. ఫీజు కూడా ఆ రోజులకి తీసేస్తారు. ఇంతకంటే ఆయన మాత్రం ఏం చెయ్యగలరు.

స్పైక్స్ కొనమని ఒత్తిడి లేదు. ఇది నాకు పెద్ద ఊరట. మట్టి మీద మామూలు రన్నింగ్ షూస్ చాలు, జిల్లా స్థాయి దాటాకే స్పైక్స్ అంటారు. దెబ్బ తగిలితే చూసే ఫిజియో ఎవరూ లేరు. పిక్క పట్టేసిందంటే ఆయన ఆ రోజు పరిగెత్తనివ్వరు, డాక్టర్ దగ్గరికి పంపిస్తారు, నూనె రాసి నలిపే పని పెట్టుకోరు. వింట్ రిలేలో పడిపోయిన కథ చెప్పాక పిల్లలు కూడా నొప్పిని దాచడం మానేశారు. మా అమ్మాయి ఒకసారి జోనల్ మీట్ రెండు రోజులు ఉందనగా తొడ వెనక పట్టేసినట్టుందని తనే చెప్పింది. ఆ మీట్‌కి పంపలేదు. తర్వాత దానికి వెళ్ళింది, నాలుగో స్థానం వచ్చింది.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. నెల రోజుల్లో ఈవెంట్స్ ఉన్నాయి, ఎలాగైనా గట్టెక్కించండి అనేవాళ్ళకి ఇది కుదరదు. మొదటి నెలంతా ఆయన గట్టిగా పరిగెత్తనివ్వరు. 100 మీటర్లు, లాంగ్ జంప్ మాత్రమే కావలసిన వాళ్ళు కూడా వేరే చోటు చూసుకోవడం మంచిది, అవి నేర్పిస్తారు గానీ ఆయన మనసు వాటి మీద లేదు. ఆరో తరగతి లోపు పిల్లల్ని తీసుకోరు, ఆ వయసులో ఆడుకోనివ్వండమ్మా అని వెనక్కి పంపేస్తారు.

కొత్త పిల్లల్ని బడి తెరిచాక జూన్‌లో తీసుకుంటారు, మధ్యలో వచ్చినా చోటుంటే కాదనరు. ఫోన్ చెయ్యక్కర్లేదు, తెల్లారి ఐదింటికి పిల్లని వెంటబెట్టుకుని గ్రౌండ్‌కి వెళ్తే చాలు. వంద పేజీల గీతల నోటుబుక్కు ఒకటి, పెన్ను ఒకటి, నీళ్ళ సీసా. ఫీజు మొదటి రోజు తీసుకోరు, పది రోజులు పిల్ల వచ్చాక అడుగుతారు. ఆదివారం వెళ్తే మీరూ కూర్చుని వినొచ్చు, ఇప్పుడు నడుస్తున్నది హువాంటొరేనా కథ.